ములుగు గుట్టల్లో ఏ కాలంలో ఎటు వెళ్లాలి

హనుమకొండ నుంచి ఏటూరునాగారం వైపు సాగే 163వ నంబరు జాతీయ రహదారి మీద ములుగు దాటిన కొద్దిసేపటికే పొలాలు వెనకబడి, రెండు పక్కలా టేకు, మద్ది, తునికి చెట్లు దగ్గరవుతూ వస్తాయి. అక్కడి నుంచి గోదావరి ఒడ్డు వరకు, ఆపైన ఛత్తీస్‌గఢ్ సరిహద్దు వరకు విస్తరించిన గుట్టలు, చెరువులు, వాగులు, గుళ్లు చూడడానికి ఇప్పుడు హైదరాబాద్ నుంచి కూడా కుటుంబాలతో కార్లు కట్టుకొని వస్తున్నారు. వచ్చేవారిలో ఎక్కువ మంది చేసే పొరపాటు ఒక్కటే. రామప్ప గుడి, లక్నవరం చెరువు, మేడారం గద్దెలు, బొగత జలపాతం అన్నీ ఒకే దారిలో కనిపిస్తున్నాయి కదా అని నాలుగింటినీ ఒక్కరోజులో చుట్టిరావాలని బయలుదేరుతారు. దూరాల లెక్కన అది సాధ్యమే కావచ్చు. కానీ ఏప్రిల్‌లో బొగతకు వెళ్లినవారికి సన్నని ధార తప్ప పెద్దగా ఏమీ కనిపించదు, ఆగస్టులో తాడ్వాయి గుట్టలెక్కినవారికి జారే రాళ్లు, జలగలు తప్ప మరేమీ గుర్తుండవు. ఈ ప్రాంతంలో ఒక్కో చోటుకు ఒక్కో కాలం ఉంది. ఆ కాలానికి తగిన చోటును ఎంచుకొని, రోజుకు ఒకటి లేదా రెండు చోట్లకు మించకుండా తిరగాలన్నదే ఇన్నేళ్లుగా ఈ దారుల్లో తిరిగిన నా అభిప్రాయం.

బయలుదేరే ముందు

ఆర్టీసీ బస్సులో వెళ్లాలనుకునేవారికి హనుమకొండ బస్టాండు నుంచి ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి వైపు బస్సులు దొరుకుతాయి. ములుగు దాదాపు యాభై కిలోమీటర్లు, అక్కడి నుంచి ఏటూరునాగారం ఇంచుమించు మరో యాభై కిలోమీటర్లు. అయితే ప్రధాన రహదారి వదిలి లోపలికి వెళ్లే దారుల్లో బస్సులు తక్కువ కాబట్టి, రామప్పకైనా లక్నవరానికైనా చివరి కొన్ని కిలోమీటర్లకు ఆటో మాట్లాడుకోవలసి వస్తుంది. తిరుగు ప్రయాణానికి కూడా ఆ ఆటోనే ఉంచుకోవడం మేలు, ఎందుకంటే సాయంత్రం నాలుగు దాటాక అక్కడ ఖాళీ ఆటో దొరకడం కష్టం.

సొంత వాహనంలో వెళ్లేవారు ములుగులోనే ఇంధనం నింపుకోవాలి. పస్రా నుంచి తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం వరకు అడవి మధ్య సాగే దారిలో చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. అందువల్ల దారి చూపే యాప్‌ను నమ్ముకోకుండా మలుపులు, ఊర్ల పేర్లు ఒక కాగితం మీద రాసుకొని, ఫోన్‌తో చెల్లించే అలవాటున్నవారు కొంత నగదు కూడా వెంట ఉంచుకోవాలి. తిండికి ములుగులోను, పస్రాలోను, ఏటూరునాగారంలోను చిన్న హోటళ్లున్నాయి. అయినా పిల్లలతో వెళ్తున్నప్పుడు ఇంటి నుంచి పులిహోర, సర్వపిండి వంటివి కట్టుకొని వెళ్లడమే నాకు నచ్చిన పద్ధతి. దారిలో ఏ చెట్టు కింద కావాలంటే ఆ చెట్టు కింద కూర్చొని తినవచ్చు, కాకపోతే కాగితపు పళ్లేలు, నీళ్ల సీసాలు మళ్లీ సంచిలో వేసుకొని ఇంటికి తేవాలి. ఏటూరునాగారం అభయారణ్యం దాదాపు 800 చదరపు కిలోమీటర్ల అడవి. అక్కడ మనం పారేసిన ప్లాస్టిక్ సంచిలో అన్నం వాసన ఉంటే దాన్ని జింక అయినా కోతి అయినా మింగుతుంది.

ఇది మలేరియా ఉన్న ప్రాంతం. రాత్రి బస చేసేవారు పొడుగు చేతుల చొక్కాలు, దోమల నివారణ మందు తప్పక పెట్టుకోవాలి. కాళ్లకు చెప్పులు కాకుండా బూట్లు వేసుకోవాలి. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, నాటువైద్యం అంటూ సమయం పోగొట్టకుండా, కరిచిన కాలును కదల్చకుండా ఉంచి, 108కు ఫోన్ చేసి, సిగ్నల్ లేకపోతే దొరికిన వాహనంలో ములుగుకో ఏటూరునాగారానికో ఆసుపత్రికి చేర్చాలి.

మరొక మాట. ఈ అడవిలో ఉన్నవి కోయ గూడేలు. అవి వారి ఇళ్లు. ఇంటి ముందు కూర్చున్న ముసలమ్మను అడగకుండా ఫోటో తీయడం, వాకిట్లోకి కారు పోనివ్వడం, గుంపుగా వెళ్లి పాటలు పెట్టడం వంటివి చేయకూడదు. పలకరించి, మంచినీళ్లడిగి, రెండు మాటలు మాట్లాడితే ఏ వాగు దాటవచ్చో, ఏ గుట్ట మీదికి దారి ఉందో వారే చెబుతారు. అంత కచ్చితమైన సమాచారం మరెక్కడా దొరకదు. తేనె కొనాలనిపిస్తే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనవచ్చు.

వానాకాలం: ముందు వాగును తెలుసుకోవాలి

జూలై నుంచి సెప్టెంబరు వరకు ఈ ప్రాంతం కళ్లకు పండుగ. మోడుల్లా నిలబడ్డ టేకు చెట్లు పళ్లెమంత ఆకులు వేస్తాయి, గుట్టల మీది నుంచి పేరు కూడా లేని ధారలు దిగుతాయి, చెరువులు నిండి మత్తళ్లు (అదనపు నీరు పొర్లిపోయే కట్టలు) దుంకుతాయి. ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా ఈ మూడు నెలల్లోనే. ఇక్కడి వానను నగరంలో పడే వానతో పోల్చుకోకూడదు. 2013 జూలై 19న వాజేడులో ఒక్కరోజులో 517.5 మిల్లీమీటర్ల వాన కురిసింది. తెలంగాణలో అంతవరకు నమోదైన అత్యధిక వర్షపాతం అదే. పదేళ్ల తర్వాత, 2023 జూలై 27 ఉదయానికి ముగిసిన ఇరవైనాలుగు గంటల్లో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు కురిసి ఆ రికార్డు కూడా చెరిగిపోయింది. రామప్ప గుడి ఉన్న మండలమే అది. ఆ వానకే జంపన్నవాగు ఉప్పొంగి కొండాయి గ్రామాన్ని ముంచెత్తి ప్రాణాలు తీసింది, భూపాలపల్లి వైపు మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. సాయంత్రం మోకాలి లోతున్న వాగు తెల్లవారేసరికి ఊరిని ముంచగలదని ఇక్కడివారికి తెలుసు. బయటినుంచి వచ్చేవారు కూడా ఆ సంగతి తెలుసుకొని రావాలి.

అందుకని వానాకాలంలో బయలుదేరే ముందురోజు రాత్రి వాతావరణ శాఖ హెచ్చరిక చూడాలి. ములుగు జిల్లాకు ఆరెంజ్ గాని రెడ్ గాని ఉంటే ప్రయాణం మానుకోవాలి, అప్పటికే గదులకు కట్టిన డబ్బు పోయినా సరే. మనమున్న చోట వాన లేకపోయినా ఎగువన పడితే చాలు, వాగు వస్తుంది. నీటి రంగు తేటగా ఉన్నది కాస్తా మట్టి రంగుకు మారడం, ఎండుటాకులు, పుల్లలు కొట్టుకురావడం, ధార చప్పుడు ఒక్కసారిగా పెరగడం ఎగువ నుంచి నీరు వస్తోందనడానికి గుర్తులు. అవి కనిపించిన వెంటనే సామాన్లు వదిలేసైనా ఒడ్డుకు, ఒడ్డు నుంచి ఎత్తుకు చేరాలి. రోడ్డు మీద నీరు పారుతున్న కల్వర్టును కారుతో దాటే ప్రయత్నం ఎప్పుడూ చేయకూడదు. ముందున్న లారీ దాటిందని మనం దాటగలమనుకోవడం పొరపాటు. ఆగి, నీరు తగ్గేదాకా గంటైనా రెండు గంటలైనా ఆగి, తగ్గకపోతే వెనక్కి తిరగాలి. ఒక సెప్టెంబరులో తాడ్వాయి దగ్గర అలాగే ఆగవలసి వచ్చి, నేను మూడు గంటలు ఒక టీ కొట్టులో కూర్చున్నాను. ఆ మూడు గంటల్లో అక్కడివారు చెప్పిన వాగుల కబుర్ల వల్లనే ఈ విషయాల్లో సగం నాకు తెలిశాయి.

బొగత జలపాతం చూడడానికి సరైన కాలం ఇదే. ఏటూరునాగారం దాటి ముల్లకట్ట దగ్గర గోదావరి మీది వంతెన ఎక్కి, అవతల పూసూరు నుంచి వాజేడు దారి పట్టాలి. వాజేడు మండలం కోయవీరాపురం దగ్గర చీకుపల్లి వాగు ఒక వెడల్పాటి రాతి మెట్టు మీది నుంచి అడ్డంగా పరుచుకొని దూకుతుంది. ఎత్తు పెద్దది కాదు, వెడల్పే దాని అందం. అందుకే దీన్ని తెలంగాణ నయాగరా అంటారు. నాకైతే ఆ పేరు అవసరం లేదనిపిస్తుంది, బొగతకు తన పేరు చాలు. అటవీశాఖ టికెట్టు పెట్టి నిర్వహిస్తున్న చోటు ఇది. ఉద్ధృతి ఎక్కువగా ఉన్న రోజుల్లో నీటిలోకి దిగనివ్వరు, మరీ ఎక్కువైతే సందర్శననే ఆపేస్తారు. హనుమకొండ నుంచి నూట ముప్పై కిలోమీటర్లకు పైగా వెళ్లి గేటు దగ్గర వెనుదిరగడం బాధగా ఉంటుంది కాబట్టి, ఏటూరునాగారంలో ఆగి అడిగి తెలుసుకొని ముందుకు వెళ్లాలి. స్నానానికి అనుమతి ఉన్న రోజున కూడా కంచె వేసిన భాగం దాటకూడదు. ధార కింద మడుగు లోతు పైనుంచి చూస్తే తెలియదు, రాళ్ల మీది నాచు జారుతుంది, ఈత వచ్చినవారు కూడా అక్కడ మునిగి చనిపోయారు. ఆదివారాల్లో జనం విపరీతంగా ఉంటారు. వీలైతే వారం మధ్యలో, ఉదయం తొమ్మిదికల్లా అక్కడుండేలా వెళ్తే నీటి చప్పుడు తప్ప మరో చప్పుడు వినిపించదు. ముందురోజు రాత్రి ఏటూరునాగారంలోనో తాడ్వాయిలోనో బస చేస్తే అది సాధ్యం.

బొగత నుంచి ముందుకు వెళ్లి వెంకటాపురం మండలం (రామప్ప ఉన్న వెంకటాపూర్ కాదు) వీరభద్రవరం దగ్గరి ముత్యంధార జలపాతాన్ని కూడా చూడాలని యువకులు ఉత్సాహపడతారు. గుట్ట మీది నుంచి ఎంతో ఎత్తు నుంచి పడే ధార అది, చూడదగినదే. కానీ దారి అడవిలో నడక, మధ్యలో వాగులు దాటాలి. 2023 జూలైలో ధార చూసి తిరిగి వస్తుండగా వాగు పొంగి, పదుల సంఖ్యలో పర్యాటకులు చీకట్లో అడవిలో చిక్కుకుపోతే విపత్తు సహాయక దళాలు వెళ్లి బయటికి తీసుకురావలసి వచ్చింది. అటవీశాఖ అనుమతి లేనిదే అటు వెళ్లకూడదు, అనుమతి ఉన్నా వాన పడుతున్న రోజున వెళ్లకూడదు. అలాగే వెంకటాపురం, వాజేడు మండలాల సరిహద్దు గుట్టల మీదికి ఎవరికి వారు ట్రెకింగ్ పేరుతో ఎక్కవద్దు. 2025 ఏప్రిల్, మే నెలల్లో ఆ వైపు కర్రెగుట్టల మీద మావోయిస్టుల కోసం భద్రతా దళాలు పెద్ద ఎత్తున గాలింపు జరిపాయి, అక్కడ మందుపాతరల భయం ఉంది.

వానాకాలంలో చెట్ల గురించి కూడా ఆలోచించాలి. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో సుడిగాలి లాంటి గాలి వీచి, కొద్దిసేపట్లో వేలాది చెట్లు కూకటివేళ్లతో కూలిపోయాయి. వాన, ఈదురుగాలి కలిసి వచ్చినప్పుడు కారును చెట్టు కింద ఆపకుండా, ఊరు కనిపించేదాకా నెమ్మదిగా నడుపుకుంటూ పోయి అక్కడ ఆగాలి.

చిన్నపిల్లలు, పెద్దవయసువారు ఉన్న కుటుంబాలకు వానాకాలంలో నేను సూచించేది లక్నవరం. గోవిందరావుపేట మండలంలో, ప్రధాన రహదారి మీద చల్వాయి దాటి బుస్సాపూర్ దగ్గర కుడివైపు లోపలికి వెళ్లాలి. గుట్టల మధ్య ఉన్న సందులకు చిన్నచిన్న కట్టలు వేసి, చుట్టూ ఉన్న గుట్టలనే చెరువుకు గోడలుగా మార్చుకున్న కాకతీయుల కాలపు పనితనం అది. నీటి నడుమ దీవులు, దీవులకు వేలాడే వంతెన, పర్యాటక శాఖ కాటేజీలు, పడవలు ఉన్నాయి. సెప్టెంబరు నాటికి చెరువు నిండి మత్తడి దుంకుతుంటే చూడడానికి చుట్టుపక్కల ఊళ్లవారంతా వస్తారు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ తొడిగి బిగించుకోవాలి, ఫోటో కోసం విప్పకూడదు. మత్తడి మీద నడవకూడదు. దారిలో మక్క చేన్ల పక్కన కంకులు కాల్చి అమ్మేవారు కనిపిస్తే మాత్రం తప్పక ఆగాలి.

బతుకమ్మ నుంచి సంక్రాంతి దాకా

వానలు వెలిసి, గునుగు, తంగేడు విరగబూసే రోజుల నుంచి చలికాలం చివరిదాకా నడకకు, గుట్టలెక్కడానికి, గుళ్లు చూడడానికి అనువైన కాలం. ఏడాదిలో ఒక్కసారే రాగలిగేవారు నవంబరు, డిసెంబరు, జనవరి నెలల్లోనే రావాలి.

మొదట రామప్ప. ములుగు దాటిన తర్వాత జంగాలపల్లి దగ్గర ఎడమవైపు తిరిగి వెంకటాపూర్ మీదుగా పాలంపేట చేరాలి. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన రుద్రేశ్వరాలయం ఇది. కట్టించినవాని పేరుతో కాక, చెక్కిన శిల్పి పేరుతో గుడి పిలవబడుతోందని తరతరాలుగా చెప్పుకుంటారు. 2021 జూలైలో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ కట్టడంగా గుర్తించింది. ఆ తర్వాత జనం బాగా పెరిగారు. పెరిగిన జనంలో చాలామంది ఇరవై నిమిషాల్లో ప్రదక్షిణ ముగించి, ఫోటోలు తీసుకొని వెళ్లిపోతారు. దయచేసి కనీసం రెండు గంటలు కేటాయించండి. ఉదయం ఏడుకు, ఎనిమిదికి మధ్య చేరుకుంటే ఏటవాలు వెలుగులో ఎర్రరాతి గోడలు మెరుస్తాయి, చూరు కింద నిలిచిన నల్లరాతి మదనికల (స్త్రీ శిల్పాల) ఒంటి మీది నగలు, నీడలు స్పష్టంగా కనిపిస్తాయి. మధ్యాహ్నం అయితే తల పైకెత్తి చూసేసరికి ఎండ కళ్లలో పడుతుంది.

చూసే క్రమం ఒకటి చెబుతాను. లోపలికి వెళ్లకుండా ముందు నక్షత్రాకారపు అరుగు మీద బయటి చుట్టు తిరగాలి. అరుగు చుట్టూ బారులు తీరిన ఏనుగులను చూడండి, ఒక్కొక్కటి ఒక్కో తీరులో ఉంటుంది. తర్వాత చూరు కింద మదనికలను, వారి పక్కన ఏనుగు, సింహం కలిసిన గజకేసరుల శిల్పాలను చూడాలి. వెలుగు కాస్త పెరిగాక మహామండపంలోకి వెళ్తే నడుమ నున్నగా తేలిన నాలుగు నల్ల స్తంభాలు, వాటి మీద నాట్యభంగిమలు, పైన దూలాల మీది పురాణ కథలు కనిపిస్తాయి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల కాలపు పేరిణి నాట్యాన్ని తిరిగి నిలబెట్టే కృషిలో ఆధారం చేసుకున్న శిల్పాలివే. కిందికి కుంగకుండా గుంతలో ఇసుక నింపి దాని మీద పునాది లేపిన తీరు, శిఖరానికి వాడిన నీటిలో తేలేంత తేలికైన ఇటుకలు, ఇవన్నీ అక్కడి స్థానిక గైడ్లు వివరిస్తారు. వారికిచ్చే డబ్బు వృథా కాదు. తడితే స్వరాలు పలుకుతుందని చూపే శిల్పాన్ని మాత్రం తట్టకండి. ఎనిమిది వందల ఏళ్ల రాయి, రోజుకు వందల మంది వేళ్లు. చెప్పులు బయటే వదలాలి కాబట్టి ఉదయపు చలిలోనూ మధ్యాహ్నపు వేడిలోనూ పనికివచ్చేలా మందపాటి మేజోళ్లు తెచ్చుకుంటే హాయిగా ఉంటుంది. గుడి చూశాక దగ్గరలోనే ఉన్న రామప్ప చెరువు కట్ట మీద నడవండి. అదే రుద్రుడు తవ్వించిన ఆ చెరువు నేటికీ పొలాలు పారిస్తోంది. గుడి కన్నా ఆ సంగతే నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

రెండోది పాండవుల గుట్ట. ఇది భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలో, రావులపల్లి దగ్గర ఉంది. ఎత్తైన ఇసుకరాతి బండలు, వాటి మధ్య ఇరుకు సందులు, చరియల కింద ఆదిమానవుల చిత్రాలు. 1990లో వెలుగులోకి వచ్చిన ఈ చిత్రాల్లో ఎరుపు, తెలుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో దున్నలు, జింకలు, పులి, విల్లంబులు, కొన్ని గీతల గుర్తులు ఉన్నాయి. ఫోటోలో రంగు బాగా రావడానికని కొందరు చిత్రాల మీద నీళ్లు చల్లుతారు. అలా తడిపిన ప్రతిసారీ రంగు కొంత పోతుంది, దానితోపాటు ఉప్పు పేరుకొని తెల్లని పొర కడుతుంది. కళ్లకు కనిపించినంతే చూడాలి, చేయి ఆనించకూడదు. ఈ బండల మీద తాళ్లతో ఎక్కడం, దిగడం నేర్పించే శిబిరాలను అటవీశాఖ నిర్వహించింది. శిక్షకుడు, తాడు, హెల్మెట్ ఉన్నప్పుడే ఎక్కాలి, సొంతంగా ప్రయత్నించకూడదు. నీళ్లు మనిషికి రెండు లీటర్లు, దారి తెలిసిన ఒక స్థానికుడు తోడు లేకుండా లోపలికి పోవద్దు. బండలన్నీ ఒకేలా ఉండి దారి తప్పడం చాలా తేలిక. తేనెపట్లు ఉంటాయి కనుక అత్తరు పూసుకోవడం, పొగ పెట్టడం, అరవడం కూడదు.

చరిత్ర మీద నిజమైన ఆసక్తి ఉన్నవారికి తాడ్వాయి మండలం దామరవాయి గుట్ట మీది రాతి సమాధులను చూడమని చెబుతాను. పెద్దపెద్ద రాతి పలకలను నిలువుగా నిలిపి, పైన మరో పలక కప్పిన బృహత్‌శిలాయుగపు గదులవి. వాటిని ఊరివాళ్లు రాకాసి గూళ్లు అంటారు. అంత బరువు పలకలను మనుషులు ఎత్తి ఉండరన్న నమ్మకం నుంచి వచ్చిన పేరది. గుట్ట మీద అడవిలో ఇవి గుంపులు గుంపులుగా ఉన్నాయి. గడ్డి ఎండి, పాముల భయం తగ్గిన జనవరిలో, ఊరి మనిషిని వెంట తీసుకొని, పూటకు ఇంత అని ముందే మాట్లాడుకొని వెళ్లాలి. నిధుల కోసం కొన్నింటిని తవ్వి పాడుచేసినవారున్నారు. అందుకని కొత్తవారు కనిపిస్తే ఊరివారు అనుమానంగా ప్రశ్నిస్తారు. ఆ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పడం మన బాధ్యత.

రాత్రి అడవిలో ఉండాలన్న కోరిక తాడ్వాయి కుటీరాల్లో తీరుతుంది. డిసెంబరు తెల్లవారుజామున పొగమంచు చెట్ల మొదళ్ల దాకా దిగి ఉంటుంది, స్వెటరు, మంకీ క్యాప్ తప్పనిసరి. అభయారణ్యంలో రోడ్డు దిగి సొంతంగా లోపలికి నడవడం నిషేధం. రాత్రివేళ ఈ రోడ్డు మీద అడవి పందులు, జింకలు అడ్డువస్తాయి కనుక చీకటి పడకముందే బసకు చేరాలి.

నర్సంపేట వైపు నుంచి వచ్చేవారికి పాకాల దగ్గర. 1213లోనే, గణపతిదేవుని కాలంలో కట్టిన చెరువు ఇది. చుట్టూ అభయారణ్యం. చలికాలపు సాయంత్రం కట్ట మీద కూర్చొని నీటి మీద పొద్దు వాలడం చూస్తే చాలు, మరో కార్యక్రమం అక్కర్లేదు. మొసళ్లున్న నీరు, దిగకూడదు.

మేడారం

రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ మహాజాతర వేరే లోకం. 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు, 2026లో జనవరి 28 నుంచి 31 వరకు జరిగింది. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ గద్దెకు వస్తుంది, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, శుక్రవారం ఇద్దరు తల్లులూ గద్దెల మీద భక్తులకు దర్శనమిస్తారు, శనివారం సాయంత్రం వనప్రవేశం. చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో తల్లిని తెచ్చే ఘడియను చూడాలనుకునేవారు గురువారం మధ్యాహ్నానికే అక్కడుండాలి. దర్శనం ప్రశాంతంగా కావాలనుకునేవారికి ఆ నాలుగు రోజులు తగవు. జాతరకు రెండు మూడు వారాల ముందు వచ్చి మొక్కు చెల్లించుకోవడమే వారికి మేలు, లక్షలాది మంది అలాగే వస్తారు. జాతర లేని మామూలు రోజుల్లో, అందులోనూ వారం మధ్యలో, చెట్ల నడుమ గద్దెల దగ్గర నిశ్శబ్దంగా నిలబడవచ్చు.

జాతర రోజుల్లో సొంత కారు కన్నా ఆర్టీసీ బస్సే నయం. బస్సులు గద్దెలకు దగ్గరగా వెళ్తాయి, ప్రైవేటు వాహనాలను దూరంగా ఆపిస్తారు, తిరుగు ప్రయాణంలో గంటల తరబడి ఆగిపోతాయి. ముందుగా ములుగు దగ్గరి గట్టమ్మకు మొక్కి ముందుకు సాగడం ఆనవాయితీ. తల్లులకు సమర్పించే బెల్లాన్ని ఇక్కడ బంగారం అంటారు, నిలువెత్తు తూకం వేసి ఇస్తారు. మొదటిసారి వచ్చినవారు దుకాణంలో బెల్లం అని అడిగితే వెంటనే తెలిసిపోతుంది. జంపన్నవాగులో స్నానం ముగించి గద్దెలకు వెళ్లాలి. కాకతీయ సేనతో పోరాడి నేలకొరిగిన సమ్మక్క కొడుకు జంపన్న పేరే ఒకప్పటి సంపెంగ వాగుకు వచ్చిందని కథ. పిల్లల జేబులో పేరు, ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి, కలుసుకోవలసిన చోటు ఒకటి ముందే అనుకోండి. అంత జనంలో ఫోన్లు పనిచేయవు.

ఎండకాలం

ఫిబ్రవరి చివర నుంచి మోదుగ పూలతో అడవి ఎర్రబడుతుంది, మార్చి, ఏప్రిల్‌లలో తెల్లవారుజామున ఇప్పపూలు రాలతాయి. బుట్టలతో గూడెం ఆడవాళ్లు పూలేరుకునే ఆ వేళ అడవిలో ఉండే తీపి వాసన మరే కాలంలోనూ ఉండదు. ఆ తర్వాత తునికాకు కోత మొదలవుతుంది. ఊళ్లలో కల్లాల మీద ఆకు కట్టలు వరుసగా ఆరబెడతారు. అది వారికి ఏడాది సంపాదనలో ముఖ్యమైన భాగం కాబట్టి కట్టల మధ్య నడవకూడదు, వాహనం ఆపకూడదు. రోడ్డు పక్కన మొర్రి పండ్లు, తునికి పండ్లు అమ్ముతారు, కొని తినండి.

ఈ నెలల్లో తిరుగుడు ఉదయం ఐదున్నర నుంచి తొమ్మిది వరకే ఉండాలి. అగ్గిపుల్ల, సిగరెట్, పొయ్యి, ఏదీ అడవిలో వెలిగించకూడదు. ఎండుటాకుల మీద పడిన ఒక్క రవ్వ గుట్టనంతా కాల్చగలదు. వేసవిలో వెళ్లదగినది మంగపేట మండలం మల్లూరు గుట్ట. మెట్లెక్కితే హేమాచల లక్ష్మీనరసింహస్వామి ఆలయం, పక్కనే ఏడాది పొడవునా ఆగకుండా పారే చింతామణి జలధార. ఎండలో మెట్లెక్కి వచ్చి ఆ చల్లని నీళ్లు తాగాక అలసట ఉండదు. కోతులు ఎక్కువ కాబట్టి చేతిలో కొబ్బరిచిప్ప, తిండి సంచి కనిపించకుండా పట్టుకోవాలి.

మృగశిర కార్తె ప్రవేశించి తొలకరి పడగానే బొగతకు బయలుదేరాలనిపిస్తుంది, కానీ ఆ మొదటి వానల నీరు ఎండిన వాగులోనే ఇంకిపోతుంది. పెద్ద వానలు మూడు నాలుగు పడి, వాజేడు నుంచి వచ్చే బస్సు దిగినవారు ధార వెడల్పు అయిందని చెప్పేదాకా, అంటే సాధారణంగా జూలై మధ్య వరకు ఆగాలి.